రొయ్యకున్న యోగం

నెల్లూరు తీరానికి చలికాలం చలితో రాదు. వానతో వస్తుంది, వాయుగుండంతో వస్తుంది, దోమతో వస్తుంది. కొన్నేళ్లుగా డబ్బాతో కూడా వస్తోంది. జిల్లాలో ఏడాది పొడుగునా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరుకూ డిసెంబరుకూ నడుమే పడిపోతుంది. మైపాడు ఒడ్డున డిసెంబరు తెల్లవారుజామున కూడా పాదరసం ఇరవై దగ్గర తచ్చాడుతుందే తప్ప గట్టిగా కిందికి దిగదు. అయితేనేం, కార్తీకం రాగానే మందుల షాపు అద్దాల బీరువాలోంచి, పచారీ కొట్టు గల్లాపెట్టె పక్కనుంచి, బంధువుల వాట్సాప్ గ్రూపులోంచి ఒకటే కేక: చలికాలం వచ్చేసింది, ఇమ్యూనిటీ పెంచుకున్నారా లేదా?

పెంచుకోవడానికి సరుక్కేం కొదవలేదు. చ్యవనప్రాశ పాత చుట్టం. దాని వెనకే తిప్పతీగ మాత్రలు, తులసి చుక్కలు, పసుపు కలిపిన పాలపొడి, చప్పరించే బిళ్లలు, నీళ్లలో వేస్తే బుసబుస పొంగే బిళ్లలు దిగాయి. ఇమ్యూనిటీ టీ ఉంది, ఇమ్యూనిటీ బిస్కెట్టు ఉంది. 2020లో కలకత్తాలో ఇమ్యూనిటీ సందేశ్ అని మిఠాయి కూడా అమ్మారు. మన మలై కాజాకు ఆ వైభవం ఇంకా పట్టలేదు. పట్టిననాడు ట్రంకురోడ్డులో క్యూ ఎంతదూరం పోతుందో చూడాలి.

కొట్లో అడిగి చూడండి.

"అన్నా, ఇది దేనికి పనిచేస్తాది?"

"ఇమ్యూనిటీకి."

"అంటే, ఏ జబ్బు రాకుండా?"

"ఏదీ రాకుండా."

"తాగినాక కూడా జలుబు చేస్తే?"

"తాగబట్టి జలుబుతో పోయింది అనుకోవాల సార్. తాగకపోయుంటే ఏమయ్యేదో!"

ఈ వాదాన్ని ఓడించగల వకీలు హైకోర్టులో కూడా దొరకడు. జబ్బు రాకపోతే డబ్బా గొప్ప. వస్తే, అంతకంటే పెద్దది రాకుండా ఆపిన డబ్బా ఇంకా గొప్ప. మనిషే పోతే, ఫిర్యాదు చేసేవాడు మిగలడు.

చట్టం కూడా ఈ వ్యాపారానికి బాగా కలిసొచ్చింది. మందుల గురించీ మాయచికిత్సల గురించీ అడ్డగోలు ప్రకటనలు వేయకూడదని 1954లోనే చట్టం చేసుకున్నాం. ఫలానా జబ్బులు నయం చేస్తామని చాటింపు వేయకండి అని ఆ జబ్బుల పట్టీ కూడా ఇచ్చారు. పట్టీలో చక్కెర జబ్బు ఉంది, క్యాన్సర్ ఉంది, మూర్ఛ ఉంది. ఇమ్యూనిటీ లేదు. అది జబ్బయితే గదా పట్టీకెక్కేది! జబ్బు పేరెత్తితే కేసు, ఇమ్యూనిటీ అంటే లైసెన్సు. 2020 జూన్ 23న హరిద్వార్‌లో పతంజలి వాళ్లు కరోనిల్‌ను కోవిడ్ మందని విడుదల చేశారు. ప్రకటనలు ఆపమని కేంద్ర ఆయుష్ శాఖ అడ్డం పడింది. మేం లైసెన్సు ఇచ్చింది ఇమ్యూనిటీకీ, దగ్గుజ్వరాలకీ అని ఉత్తరాఖండ్ అధికారులు చేతులు కడుక్కున్నారు. తర్వాతేమైంది? కొట్లోంచి పోయిందా? పోలేదు. అదే బిళ్ల, మాట మార్చుకుని ఇమ్యూనిటీ పేరుతో బీరువాలో దర్జాగా కూచుంది. ఆ కంపెనీ ప్రకటనల మీద సుప్రీంకోర్టు తలంటి, పత్రికల్లో క్షమాపణ వేయించేసరికి 2024 వచ్చింది.

సర్కారు తాను మాత్రం తక్కువ తిన్నదా? 2020 జనవరిలోనే ఆయుష్ శాఖ ఆర్సెనికం ఆల్బం 30 అనే హోమియో గుళికలు వేసుకోమని సలహా ఇచ్చింది. ఆ ముప్పై ఏమిటంటే, ఒక పాలు మందును నూరు పాళ్లకు పలచన చేసి, అందులోంచి ఒక పాలు తీసి మళ్లీ నూరు పాళ్లకు, అట్లా ముప్పైసార్లు. బంగాళాఖాతం మొత్తంలో ఒక్క చుక్క కలిపినా అంత పలచన కాదు. ఆ లెక్కన కృష్ణపట్నం రేవులో కాలు కడుక్కున్న ప్రతివాడికీ ప్రపంచంలోని సమస్త రోగాల మందూ ముట్టినట్టే.

కృష్ణపట్నం మాట వచ్చింది గనుక, ఇమ్యూనిటీకి రాజధాని హోదా హరిద్వార్‌కు కట్టబెడితే మా జిల్లావాళ్లం ఊరుకోం. ఆ పీఠం ముత్తుకూరు మండలం కృష్ణపట్నానిది. 2021 ఏప్రిల్‌లో బొనిగి ఆనందయ్య అక్కడ నాటుమందు పంచడం మొదలుపెట్టారు. ఉచితంగా పంచారు, ఆ మాట మొదటే చెప్పాలి. పచ్చకర్పూరం, జాజికాయ, మిరియాలు, పసుపు, తేనె, నల్లజీలకర్ర, వేపాకు, మామిడి చిగుళ్లు, తెల్లజిల్లేడు మొగ్గలు, ఇట్లా సరంజామా అంతా మన పెరట్లోదీ పోపులపెట్టెలోదీ. కంట్లో వేసే చుక్కల్లో మాత్రం తేనె, తోకమిరియాలు, ముళ్లవంకాయ గుజ్జు. ఆ చుక్కలు వేస్తే ఆక్సిజన్ అమాంతం పెరుగుతుందని పేరు మోగిపోయింది.

ఆనందయ్యను ఆడిపోసుకోవడం తేలిక, నాకా సరదా లేదు. ఆ మే నెలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రాష్ట్రంలో రోజుకు ఇరవై వేలకు పైగా కేసులు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై 11 మంది పోయారని సర్కారే ఒప్పుకుంది. సిలిండరు కోసం, మంచం కోసం ఫోన్లు చేసి చేసి వేళ్లు అరిగిపోయిన జనం. అట్లాంటి వేళ ఎవరో ఒకరు "రండి, నా దగ్గర మందుంది, పైసా ఇవ్వక్కర్లేదు" అంటే పోనివాడు మనిషా? పోయారు. మే 21న కృష్ణపట్నం దారిలో కిలోమీటర్ల కొద్దీ కార్లు, ఆటోలు, అంబులెన్సులు. అంబులెన్సుల్లో ఆక్సిజన్ మాస్కులతో రోగులు. రాష్ట్రంలో పగలు పన్నెండు దాటితే కర్ఫ్యూ ఉన్న రోజులవి. కరోనాకు మందు కోసం కరోనాను భుజాల మీద మోసుకొచ్చి, ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడ్డారు. వైరస్‌కు ఇంత వైభవంగా తిరునాళ్లు చేసిన ఊరు భూమ్మీద ఇంకొకటి ఉంటుందా! ఆ రోజే పంపిణీ ఆపేశారు.

ఇక పెద్దల తీరు చూడండి. స్థానిక ఎమ్మెల్యే కాకాణి గోవర్ధన్‌రెడ్డి మందుకు అండగా నిలబడ్డారు. అప్పటి ఉపరాష్ట్రపతి మన జిల్లావారే, ఆయుష్ మంత్రితోనూ ఐసీఎంఆర్ అధిపతితోనూ మాట్లాడి, తొందరగా తేల్చండన్నారు. ఆయుష్ కమిషనర్ రాములు బృందంతో వచ్చి, చూసి, ఇది ఆయుర్వేదం కాదు, నాటుమందు అని తేల్చారు. మే 31న సర్కారు తీర్పు వచ్చింది. పీ, ఎల్, ఎఫ్ అనే మూడు రకాలకు సరే. కే అనే రకాన్ని కమిటీకి చూపించలేదు గనుక అప్పటికి ఆగాలి. కంటి చుక్కల సంగతి అప్పటికి తేలలేదు. తీర్పు సారం ఏమిటయ్యా అంటే, ఈ మందుతో కరోనా తగ్గుతుందనడానికి రుజువు లేదు, వాడితే హాని కూడా లేదు, కనుక పంచుకోవచ్చు, డాక్టర్లు రాసిన మందులు మాత్రం మానొద్దు.

ఇంతకంటే నికార్సయిన సర్కారు వాక్యం నేనెప్పుడూ చదవలేదు. రుజువు లేదు, హాని లేదు, అనుమతి ఉంది! ఈ మూడు ముక్కల్లో ఆధునిక ఇమ్యూనిటీ శాస్త్రం మొత్తం ఇమిడిపోయింది. రేపు ఎవరైనా కండలేరు వాగు నీళ్లు సీసాలకెత్తి అమ్మినా ఇదే వాక్యం అతికించుకోవచ్చు, నీళ్లు కాస్త కాచి వడగడితే చాలు.

ఆ రోజుల్లోనే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు వీడియో ఊరూరా తిరిగింది. ఆయాసంతో వచ్చి, చుక్కలు వేయించుకుని, ఇప్పుడు బాగుందని ఆయన చెప్పిన మాటలు లక్షలమంది విన్నారు. మళ్లీ ఆక్సిజన్ పడిపోయి ఆయన నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చేరారు, మే నెలాఖరుకు అక్కడే కన్నుమూశారు. ఆ రెండో వార్త మొదటి వీడియో అంత దూరం నడవలేదు. ఆనక డిసెంబరులో ఒమిక్రాన్ వచ్చింది, దానికీ మందుందన్న మాట వచ్చింది. ఈసారి అడ్డం తిరిగింది ఎవరనుకున్నారు? హేతువాదులు కాదు, కృష్ణపట్నం ఊరివాళ్లే. జబ్బుమనుషుల బండ్లు మళ్లీ మా వీధుల్లోకొస్తే మా గతేమిటని నిలదీశారు. అంతమంది అధికారులకు తట్టని ప్రజారోగ్య సూత్రం ఆ వీధివాళ్లకు తట్టింది.

నమ్మకం మా నెల్లూరుకు కొత్త కాదండీ. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఏటా మొహర్రంనాడు మొదలయ్యే రొట్టెల పండగలో ఆరోగ్య రొట్టె కూడా ఉంది. హిందువులూ ముస్లిములూ నీళ్లలో నిలబడి పుచ్చుకుంటారు. ఆ రొట్టెకో నిజాయతీ ఉంది. కోరిక తీరినవాడు మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇచ్చిపోవాలి. తీరకపోతే నిన్నెవరూ డబ్బడగరు. డబ్బా కంపెనీకి ఈ షరతు పెట్టి చూడండి.

అసలీ ఇమ్యూనిటీ "పెంచడం" అనేది నిజంగా జరిగితే ఏమవుతుందో ఎవరైనా ఆలోచించారా? ఒళ్లు తన సైన్యాన్ని తన మీదికే తోలుకుంటే వచ్చేదే కీళ్లవాతంలో ఒక రకం. పుప్పొడికీ దుమ్ముకీ కూడా యుద్ధం ప్రకటిస్తే అది అలర్జీ, ఉబ్బసం. డెంగీ చూడండి. ఒక రకం వైరస్‌తో ఒకసారి జ్వరం వచ్చి పోయాక, ఇంకో రకం వైరస్ సోకితే పాత జ్వరానికి తయారైన యాంటీబాడీలే కొన్నిసార్లు కొత్తదాన్ని చెయ్యిపట్టుకుని కణంలోకి తీసుకెళ్తాయి. రెండోసారి డెంగీ ప్రమాదమవడానికి అదొక కారణం. కరోనాలోనూ వైరస్ చేసిన హానికి తోడు, దాని మీద ఒళ్లు పూనకం వచ్చినట్టు విరుచుకుపడి ఊపిరితిత్తులు పాడుచేసుకుని పోయినవాళ్లు చాలామంది. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. వెంటిలేటరు మీదున్నవాళ్లలో మూడోవంతు చావులను తగ్గించింది డెక్సామెథసోన్. అదేం చేస్తుంది? ఇమ్యూనిటీని తగ్గిస్తుంది! చవక స్టెరాయిడ్, ఏ మందుల షాపులోనైనా కొన్ని రూపాయలకు దొరికేది. అంటే 2021 మే నెలలో కృష్ణపట్నం దారిలో జనం ఇమ్యూనిటీ పెంచమని బారులు తీరి ఉండగా, ఆస్పత్రి వార్డుల్లో డాక్టర్లు అదే జబ్బుకు అదే ఇమ్యూనిటీని దించి ప్రాణాలు కాపాడుతున్నారు. మన తీరంలో హాస్యరచయితల అవసరం ఎప్పుడూ లేదు.

మిగతా సరుకు సంగతి క్లుప్తంగా ముగిద్దాం. విటమిన్ సి రోజూ మింగినంత మాత్రాన మామూలు మనుషులకు జలుబు రాకుండా పోదని, వచ్చిన జలుబు పెద్దవాళ్లలో నూటికి ఎనిమిది వంతుల మేర త్వరగా తగ్గవచ్చని పరీక్షలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. అంటే వారం జలుబులో సగం రోజు మిగులుతుంది. ఒక జామకాయ కొరికితే అంతకంటే రుచిగా ఆ విటమిన్ అందుతుంది. తిప్పతీగ సంగతి ఇంకా బాగుంటుంది. కరోనా కాలంలో ఇమ్యూనిటీకని అది తాగిన ఆరుగురికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబయి వైద్యులు రాశారు. అది అసలు తిప్పతీగ అయ్యుండదు, దాన్ని పోలిన వేరే తీగ అయ్యుంటుంది అని ఆయుష్ శాఖ జవాబిచ్చింది. బాగుంది. మరి ఏ తీగో అమ్మేవాడికీ తెలియక, తాగేవాడికీ తెలియక, ఊరంతా పొద్దున్నే పరగడుపున లోటా ఎత్తుతుంటే ఆ శాఖ ఏం చేస్తున్నట్టు?

ఇక రొయ్య దగ్గరికి వద్దాం. నెల్లూరు తీరంలో ఏ ముచ్చటైనా చివరికి అక్కడికే వస్తుంది.

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లో ఉప్పునీటి గుంటల మధ్య పెరిగినవాడికి రోగనిరోధకం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1994-95 ప్రాంతంలో వైట్ స్పాట్ వైరస్ దిగి టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టింది. నిన్న మేతకు ఎగబడిన రొయ్య ఇవాళ గట్టుపక్కకొచ్చి తేలింది, చిప్ప వొలిచి చూస్తే తెల్లటి చుక్కలు. బంగారం తాకట్టుపెట్టి గుంట వేసినవాళ్లు గుంట గట్టునే కుప్పకూలారు. ఆ దెబ్బతో రైతు తెలుసుకున్నదేమిటంటే, రొయ్యకు మనలాగ యాంటీబాడీలు తయారుచేసుకునే ఒంటి ఏర్పాటు లేదు. మనకు వేసినట్టు టీకా వేయడానికి వీల్లేదు. నీళ్లు చల్లబడితే వైట్ స్పాట్ ఇంకా రెచ్చిపోతుంది. కాబట్టి చలికాలమంటే గుండె చేత్తో పట్టుకు కూచోవడమే.

ఆక్వా షాపులో మాత్రం ఇమ్యూనిటీ లేదా? భేషుగ్గా ఉంది. విటమిన్ సి, బీటా గ్లూకాన్, ప్రోబయోటిక్స్, మినరల్స్, బకెట్ల కొద్దీ ఉన్నాయి. రొయ్య డబ్బా మీద బొమ్మ మనిషి డబ్బా మీద బొమ్మకంటే కండ పట్టి ఉంటుంది. రైతు కొంటాడు కూడా. కానీ గుంట గట్టు మీద రైతు మాట వినండి.

"ఇమ్యూనిటీ వేస్తుండావా మావా?"

"వేస్తుండా. షాపోడు ఊరుకోడు గదా. అయితే అబ్బయా, అది వేసినా అని నిద్రపోతే గుంట లేచిపోతాది. ముందు సీడు పీసీఆర్ చేయించాల. నీళ్లు రిజర్వాయరు గుంటలో పట్టి బ్లీచింగు కొట్టాల. పీతలు రాకుండా చుట్టూ వల, కాకులూ కొంగలూ దిగకుండా పైన తాళ్లు. యాడ పడితే ఆడ తిరిగొచ్చినోడు కాళ్లు కడుక్కోకుండా గట్టెక్కితే నేనొప్పుకోను. చలిలో సీడు పలచగా వేయాల. ఇయన్నీ అయినాక, నీ ఇమ్యూనిటీ."

ఈ మనిషి ప్రజారోగ్యం డిగ్రీ చదవలేదు. కరోనా వచ్చినాక దేశానికి పీసీఆర్ అనే మూడక్షరాలు తెలిస్తే, ఈయనకు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే తెలుసు. సీడు కొనేముందు హేచరీ వాడి చేతిలో రిపోర్టు లేకపోతే బేరం లేదు. పక్క గుంటలో జబ్బొచ్చిందని తెలిస్తే ఆ నీళ్లు కాలవలోకి వదలకుండా నిలేసేది పక్క రైతులే. టైగర్ తర్వాత వచ్చిన వన్నామీ రొయ్యకు 2009లో మన దేశంలో అనుమతి దొరికింది, ఎట్లా? విదేశాల నుంచి వచ్చే తల్లిరొయ్యలు ఫలానా వైరస్‌లు లేనివని ధ్రువీకరించుకుని, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ చేసి, పరీక్షలు చేసి, ఆ తర్వాతే హేచరీకి. చెరువులోంచి పట్టేముందు యాంటీబయాటిక్ ఆనవాలు ఉందేమో పరీక్షించడానికి సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా వాళ్ల ల్యాబ్ నెల్లూరులోనే ఉంది. ఐరోపా రేవులో ఆనవాలు దొరికితే కంటైనరు కంటైనరే వెనక్కి.

అదే రైతుకు జలుబు చేస్తే? రోడ్డు మీది మందుల షాపులో చీటీ అడక్కుండా మూడురోజుల అజిత్రోమైసిన్, దానికి తోడు ఇమ్యూనిటీ పొట్లం. రొయ్య ఒంట్లో ఉండకూడని మందు రొయ్యల రైతు ఒంట్లో నిక్షేపంగా ఉండొచ్చు, వాణ్ణి ఐరోపా వాళ్లు తినరు గదా! ఎగుమతి అయ్యే సరుక్కే ఈ దేశంలో ప్రజారోగ్యం ఉంది. నమ్మకపోతే అమెరికాకు వలస వీసా మీద పోయే మన పిల్లల్ని అడగండి, విమానం ఎక్కేలోపు టీకాల పట్టీ ముందు పెట్టి ఒక్కొక్కటీ పొడిపించుకోమంటారు. ఊళ్లో ఉండిపోయిన అమ్మానాన్నలకు మాత్రం కషాయం.

టీకా సంగతి వచ్చింది గనుక చెప్పేస్తాను. ఒళ్లు ఏ శత్రువును గుర్తుపట్టాలో ముందే చూపించి తర్ఫీదు ఇచ్చేది అదొక్కటే. 2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. ఆశా కార్యకర్తలూ ఏఎన్ఎంలూ చేసిన ఆ పనికి ఏ వీడియో వైరల్ కాలేదు. టీకాను సరిగ్గా పరీక్షించారా, దీర్ఘకాలంలో ఏమవుతుందో అని మీసం మెలేసి అడిగిన పెద్దమనుషులు నాకు చాలామంది తెలుసు. లేహ్యం సీసా మూత తిప్పేటప్పుడు వాళ్లలో ఒక్కడూ ఆ ప్రశ్న అడగలేదు. చలికాలంలో ముసలివాళ్లనూ చక్కెర జబ్బున్నవాళ్లనూ మంచానికి పడేసే ఫ్లూకు కూడా టీకా ఉంది. వైరస్ వేషం మారుస్తూ ఉంటుంది గనుక ఏటా వేయించుకోవాలి. అది పెద్దవాళ్లకు సర్కారు ఉచితంగా వేసే టీకాల్లో లేదు. ఇమ్యూనిటీ పెంచుకోమని సలహా మాత్రం ఉచితం.

ఇంకొక్క సంగతి, గాలి. 2019లో కేంద్రం స్వచ్ఛ గాలి పథకం పెట్టి, గాలి ప్రమాణాలు అందుకోని నగరాలని 102 పేర్లు ప్రకటిస్తే ఆంధ్ర నుంచి ఐదింటికి చోటు దక్కింది, అందులో నెల్లూరు ఒకటి. తీరానికి పోతే నేలటూరులో దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన జెన్కో ప్లాంటు, 800 మెగావాట్లవి మూడు యూనిట్లు. చుట్టుపక్కల ప్రైవేటు బొగ్గు ప్లాంట్లు, బొగ్గు దిగే రేవు. బూడిద గురించీ బొగ్గు దుమ్ము గురించీ ఆ ఊళ్లు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాయి. బొగ్గు పొగలోని గంధకం తీసేసే యంత్రాలు రెండేళ్లలో పెట్టండని 2015 డిసెంబరులో దేశమంతటికీ నిబంధన వచ్చింది. రెండేళ్లు నాలుగయ్యాయి, నాలుగు ఏడయ్యాయి, గడువు మీద గడువు. 2025 జూలైలో దేశంలోని చాలా ప్లాంట్లకు అసలా యంత్రమే అక్కర్లేదని సెలవిచ్చారు. నిదానించి చూస్తే ఇదే అసలు ఇమ్యూనిటీ, నిబంధన వచ్చినా అంటకపోవడం. చిమ్నీకి ఉన్నంత నిరోధక శక్తి దాని కింద దగ్గే ముసలాయనకు ఉంటే ఇంకేం కావాలి?

వరదలప్పుడూ ఇదే వరస. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు కొట్టుకుపోయాయి, ఇళ్లలో బురద మోకాటిలోతు. ఆ రాత్రి తడిసిన పిల్లలకు కావలసింది పొడి దుప్పటి, క్లోరిన్ కలిపిన నీళ్లు, దోమతెర. ఆరోగ్యం ఇంత చవకబారు వస్తువులతో నడుస్తుందని ఒప్పుకోవడానికి మనకు నామోషీ. చేతులు కడుక్కోండి, బాగా నిద్రపోండి, చుట్ట మానండి, చక్కెర అదుపులో పెట్టుకోండి, దగ్గేవాడు ఇంట్లో ఉంటే కిటికీ తెరవండి అంటే ఎవడు వింటాడు? వాటికి కంపెనీ లేదు, కంపెనీ లేనిదానికి ప్రకటన లేదు, ప్రకటన లేనిది నిజమెట్లా అవుతుంది!

తిండి విషయంలో నేనేదో కటువుగా ఉన్నానని అనుకోవద్దు. మిరియాల చారు తాగండి, మామిడికాయ వేసిన చేపల పులుసు మరునాటికి ఉంచుకుని తినండి, గొంతుకు హాయిగా ఉంటుంది, మనసుకూ హాయిగా ఉంటుంది. దాన్ని పులుసనే పిలవండి.

అయ్యా, అమ్మా, ఈ చలికాలానికి నాదొక విన్నపం. డబ్బాకు పెట్టే డబ్బులు దాచి ఇంట్లో అరవై దాటినవాళ్లకూ, ఆయాసం, చక్కెర ఉన్నవాళ్లకూ డాక్టరును అడిగి ఫ్లూ టీకా వేయించండి. శుక్రవారం డ్రై డే అని ఊరికే ఫొటో దిగకుండా, పూలకుండీ కింది పళ్లెంలో నీళ్లు పారబోయండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. మన వీధి కాలవ గురించి, చిమ్నీ బూడిద గురించి, ముసలివాళ్లకు ఫ్లూ టీకా పీహెచ్‌సీలోనే వేయాలని నలుగురూ కలిసి ఒక కాగితం ఇవ్వండి. అర్జీలో ఎక్కడా ఇమ్యూనిటీ అనే మాట మాత్రం రాయకండి. రాశారో, చేతిలో డబ్బా పెట్టి పంపించేస్తారు.